గోల్‌కీపరుకు లేని మైల

“నానమ్మా, ప్లీజ్. ఇట్స్ ద లాస్ట్ మ్యాచ్. నేను లేకపోతే దే హావ్ నో కీపర్.”

“మైల పట్టిన ఇంట్లోంచి ఎవరూ బంతాటకి పోరు.”

“తొంభై నిమిషాలే. అవ్వగానే స్ట్రెయిట్ ఇంటికొస్తా. స్నానం చేయమంటే చేస్తా. బయటే నిలబడమంటే నిలబడతా.”

“స్నానంతో పోయేదైతే నేనే చెప్పేదాన్ని. పోయింది ఎవరనుకున్నావు? నా తమ్ముడు.”

“ఐ నో. ఐ యామ్ సారీ నానమ్మా, రియల్లీ. కానీ ఆ తాతయ్యని నేను ఒక్కసారే చూశా. ఐ వాజ్ ఫోర్.”

“ఒక్కసారి చూస్తే మైల ఉండదని నీకెవరు చెప్పారు?”

“ఓకే. ఎన్ని రోజులు?”

“పది.”

మా అబ్బాయి కలగజేసుకున్నాడు. “అమ్మా, వాడు వాళ్ళకి మాటిచ్చాడు. వాడు లేకపోతే జట్టే లేదు. తెలిసీ అలా అంటావేంటి?”

“నువ్వు మాట్లాడకు. పోయినాయన నీకు మేనమామ. గురువారం నుంచి ఒక్కసారైనా ఆయన మాట ఎత్తావా?”

పొయ్యి దగ్గర ఉన్న మా కోడలు మంట తగ్గించి ఇటు తిరిగింది. “అత్తయ్యా, మీ తమ్ముడు పోతే వీడికి కూడా పది రోజులు ఉంటుందా?”

“ఉంటుంది.”

అది నవంబరు మొదట్లో ఒక శనివారం సాయంత్రం. మేము కార్లో అనే చిన్న ఊళ్ళో అద్దెకుండే ఇంటి వంటగది. ఉంటుందని నేను అన్న ఆ మాట అబద్ధం. మా వైపు ఆనవాయితీ నాకు బాగా తెలుసు. పెళ్ళై అత్తింటికి వచ్చిన ఆడదానికి పుట్టింటి తమ్ముడు పోతే మూడు రోజులు. ఆమె కొడుక్కి మేనమామ గనక కొంత. ఆమె మనవడికి ఏమీ లేదు. తలమీద చెంబెడు నీళ్ళు కూడా పోసుకోనక్కర్లేదు. ఎవరి ఇంట్లో ఎవరు పోతే ఎవరికి ఎన్నాళ్ళని ఊళ్ళో నలుగురూ నన్నే అడిగేవారు. అటువంటిదాన్ని పది అన్నాను. మా మనవడికి తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నానేమో.

నేను ఇంగ్లండు పక్కనుండే ఆ చిన్న దేశం వెళ్ళింది మా ఆయన పోయాక. మా అబ్బాయి రాజధాని పక్కన చెర్రీవుడ్‌లో కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడ అద్దెలు భరించలేక కార్లోలో ఉండి రోజూ కారులో వెళ్ళివచ్చేవాడు. కోడలు ఆస్పత్రిలో నర్సు. మాంద్యం వచ్చింది, ఆఫీసు మూసేశారు. కారు ఇంటి ముందే ఉండిపోయింది. మా అబ్బాయి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగాలకి రాస్తూ ఉండేవాడు. ఎక్కడికీ వెళ్ళనివాడికి రోజూ ఇస్త్రీ ఎందుకని ఒకరోజు అన్నాను. వాడు కాలరు సరిచేసుకున్నాడు. మళ్ళీ అనలేదు నేను.

మనవడికి పంతొమ్మిదేళ్ళు. అక్కడే కాలేజీలో చదువుతూ ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరుగా ఆడేవాడు. ఆ జట్టు దేశం మొత్తం మీద మూడో మెట్టు లీగులో ఉండేది. పై మెట్ల మీద ఆడేవాళ్ళకి ఎంతో కొంత జీతముంటుందట. వీళ్ళకి మ్యాచ్ అయ్యాక టీ, శాండ్‌విచ్. అందరూ కూలిపనులూ చేతిపనులూ చేసేవాళ్ళే. గోడలకి గచ్చు చేసేవాడొకడు, టైల్స్ వేసేవాడొకడు, కరెంటు పనివాడొకడు, పోస్ట్‌మ్యాన్ ఒకడు. మావాడొక్కడే చదువుకునే పిల్లాడు, మావాడొక్కడే మన రంగువాడు. మొదట్లో నాకు నచ్చలేదు. వానలో బురదలో పొర్లడానికేనా ఇంత దూరం తెచ్చి పెంచుకున్నది అనేదాన్ని. “కీపర్ కదా నానమ్మా, పొర్లకపోతే గోల్ అయిపోతుంది,” అనేవాడు నవ్వుతూ.

ఆ ఏడు మార్చిలో ఆటలు మొదలయ్యేసరికి క్లబ్బు చేతిలో ఏమీ లేదు. జెర్సీలు లాండ్రీకి వేయడం మానేశారు. వారానికొక ఇంటివాళ్ళు ఉతకాలని వంతులు పెట్టుకున్నారు. మా వంతు వచ్చిన వారం నేను ఉతికాను. ఎండలేని దేశంలో అన్ని చొక్కాలు ఆరబెట్టడం ఒక విద్య. వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అలమార ఒకటి అక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది, హాట్ ప్రెస్ అంటారు. అందులో దండెం కట్టి, పూటకి ఆరు చొప్పున, తిరగేసి ఆరేసేదాన్ని. తిరగేయకపోతే వెనక అంటించిన నంబరు పొరలు లేస్తుంది. ఉతికే ముందు ఒక రాత్రంతా చన్నీళ్ళలో నానాలి. వేడినీళ్ళు పోస్తే బురద మరక గుడ్డకే పట్టుకుంటుంది. నేను ఉతికిన చొక్కాలు చూసి మేనేజరు రెండోవారం కూడా సంచి మా ఇంటికే తెచ్చాడు. మూడోవారం అడగనుకూడా లేదు.

ఆ మేనేజరు డెబ్బై దాటిన మనిషి. లారీ తోలి రిటైరయ్యాడు. భార్య లేదు, పిల్లలు ఇంగ్లండులో. నలభై ఏళ్ళపైనే ఆ క్లబ్బుని అంటిపెట్టుకుని ఉన్నాడట. సోమవారం పొద్దున సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి, “హౌ ఆర్ యు కీపింగ్, మిసెస్?” అనేవాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. “గ్రాండ్,” అనేదాన్ని. ఆ మాట అక్కడ దేనికైనా సరిపోతుంది. లోపలికి వచ్చి టీ తాగేవాడు. ఒకసారి మిరపకాయ బజ్జీ పెడితే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండోది కూడా అడిగాడు.

ఆటగాళ్ళ పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. నంబర్లతోనే తెలుసు. మార్చిలో పద్ధెనిమిది చొక్కాలు మాసి వచ్చేవి. ఊళ్ళో ఇళ్ళు కట్టడం ఆగిపోయింది. సగం లేచిన గోడల చుట్టూ కంచె వేసి వదిలేశారు. గచ్చుపనివాడు ముందు ఆస్ట్రేలియా పోయాడు. అది తొమ్మిదో నంబరు. తరవాత ఏడు కెనడా. పధ్నాలుగు, పదహారు అన్నదమ్ములు, ఒకే రోజు ఒకే విమానంలో వెళ్ళారు. మాసి వచ్చే చొక్కాలు వేసవి వచ్చేసరికి పధ్నాలుగు, ఆకులు రాలేసరికి సరిగ్గా పదకొండు. బయట కూర్చునే అదనపు మనిషి ఒక్కడు కూడా లేడు. ఎవరికి దెబ్బ తగిలినా కుంటుతూ ఆడాల్సిందే.

వింతేమిటంటే మేనేజరు ప్రతి వారం ఆ వెళ్ళిపోయినవాళ్ళ చొక్కాలు కూడా సంచిలో వేసి తెచ్చేవాడు. ఇస్త్రీ మడత విడవకుండానే ఉండేవి.

“వీటికి మట్టి అంటలేదు కదా, ఎందుకు మోస్తున్నాడో అడుగు,” అన్నాను మనవడితో.

వాడు అడిగి చెప్పాడు. “వాళ్ళు తిరిగి రావచ్చట నానమ్మా.”

“వస్తారా?”

“నో,” అన్నాడు మావాడు, ఆయన వైపు చూడకుండా.

నేను వాటిని ఉతకలేదు. సబ్బు దండగ. విప్పి, దులిపి, మళ్ళీ మడతపెట్టి పంపేదాన్ని.

మ్యాచ్ చూడటానికి ఒక్కసారే వెళ్ళాను, సెప్టెంబరులో. మడతకుర్చీ, శాలువా, గొడుగు, ఫ్లాస్కు. చూడటానికి వచ్చినవాళ్ళు వంద మంది లేరు. పదిమందీ ఒకచోట పరుగెడుతుంటే మావాడు ఒక్కడే ఆ చివర కర్రల మధ్య నిలబడి తనలో తాను అరుచుకుంటున్నాడు. వాడిని చూస్తే జాలేసింది. తరవాత అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు. మావాడు ఎడమకి పడి బంతి ఆపాడు. అందరూ వాడి మీద పడిపోయారు. ఆ గుంపులోంచి తల పైకెత్తి వాడు నేను కూర్చున్న వైపు చూశాడు. ఇంటికి వచ్చాక, “చూశావా నానమ్మా?” అన్నాడు. “చూశాను, చొక్కా ఎంత మురికి చేశావో,” అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు నేను. పొగిడితే పిల్లలు పాడవుతారని అనుకునేదాన్ని.

ఇక నా తమ్ముడి సంగతి. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాడు పుట్టాక అమ్మ మంచం పట్టింది. నన్ను నాలుగో తరగతిలో బడి మాన్పించారు, వాడిని ఎత్తుకోవడానికి. వాడు ఎదిగి బెజవాడలో ఒక అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పనిలో చేరాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగబడ్డ వరసలో పేర్చాలి. తప్పులు దిద్దాక పారేసే కాగితాలు కట్ట కట్టి నెలకోసారి నాకు తెచ్చేవాడు. “నా వల్ల నీ చదువు పోయింది కదక్కా, ఇవి చదువుకో,” అనేవాడు. పెళ్ళిపత్రికలు, ఎరువుల కరపత్రాలు, సగం సగం కథలు. చదివేసి అలమారలో పరిచేదాన్ని. నాకు ఈపాటి రాయడం వచ్చిందంటే ఆ కాగితాల వల్లే.

ఆగస్టులో వాడికి ఊపిరి అందడం లేదని ఫోను వచ్చింది. “టికెట్ కొంటాను, వెళ్ళి చూసిరా అమ్మా,” అన్నాడు మా అబ్బాయి. ఉద్యోగం లేనివాడి చేత టికెట్ కొనిపిస్తానా? “ఇప్పుడెందుకు, వాడు లేచి తిరుగుతాడులే. తీరిగ్గా వెళ్తాను,” అన్నాను. మా అబ్బాయి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను. పొదుపు చేశాననుకున్నాను.

గురువారం పొద్దున మేనల్లుడు ఫోను చేశాడు. “అత్తా, నాన్న పోయారు. తీసుకెళ్తున్నాం. నీకు వినపడుతుందని ఫోను ఇక్కడే పెడుతున్నా,” అన్నాడు. ఏవో గొంతులు, చెప్పుల చప్పుడు, ఒక ఆటో హారన్. తరవాత ఫోను తెగిపోయింది. మా అబ్బాయి నిరుద్యోగుల ఆఫీసుకి సంతకానికి వెళ్ళాడు, ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. చన్నీళ్ళు పోసుకున్నాను. వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. పక్కింటావిడ కుక్కని తిప్పుతూ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

సాయంత్రానికి అందరూ వచ్చారు. అందరూ బాధపడ్డారు, లేదనను. మా అబ్బాయి నా పక్కన కాసేపు కూర్చున్నాడు. కోడలు కాళ్ళు పట్టింది. మనవడు నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. తరవాత కోడలు బట్టల మెషీను వేసింది, తెల్లారి డ్యూటీ గనక. మా అబ్బాయికి ఎక్కడినుంచో ఫోను వచ్చింది. మనవడు చదువుకోవడానికి పైకి వెళ్ళాడు. వాళ్ళ తప్పేముంది? వాళ్ళలో ఒక్కరికీ నా తమ్ముడు నాకు తెలిసినట్టు తెలియడు. వాడెలా నవ్వేవాడో, వాడి వేళ్ళు ఎప్పుడూ ఎంత నల్లగా ఉండేవో చెబుదామని నోటిదాకా వచ్చేది. అడిగినవాళ్ళు లేరు. అడగనిదే చెప్పే అలవాటు నాకు లేదు. శుక్రవారం అలాగే గడిచింది. శనివారం సాయంత్రం మనవడు వంటగదిలో కూర్చుని చేతి తొడుగులు తుడుచుకుంటూ ఈల వేశాడు. మెల్లగానే వేశాడు. అది నా చెవిన పడింది. ఈ ఇంట్లో ఏదో ఒకటి ఆగితీరాలనిపించింది. నేను ఆపగలిగింది వాడి ఆట ఒక్కటే.

ఆ ఆట సంగతి తెలియక ఆపాననడానికి లేదు. వారం నుంచీ ఇంట్లో అదే మాట. ఆ రోజు ఓడకపోతే చాలు, జట్టు లీగులో ఉంటుంది. ఓడితే ఆఖరి స్థానం, లీగులోంచి తీసేస్తారు. తీసేస్తే క్లబ్బు మూసేద్దామని కమిటీ ముందే అనుకుంది. మేనేజరు సోమవారం టీ తాగుతూ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ నాకు చెప్పాడు. అయిదో నంబరు, ఆ కరెంటు పనివాడికి, ఆస్ట్రేలియా వీసా వచ్చేసింది. ఈ మ్యాచ్ కోసమే ప్రయాణం మంగళవారానికి మార్చుకున్నాడు.

మనవడు నాతో ఇంకేమీ వాదించలేదు. హాల్లోకి వెళ్ళి మేనేజరుకి ఫోను చేశాడు. ముసలాయన చెవుడు వల్ల గట్టిగా మాట్లాడతాడు, నాకు ఇక్కడిదాకా వినపడింది. “ఫ్యామిలీ ఫస్ట్, సన్. డోంట్ మైండ్ అస్,” అంటున్నాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. మావాడి పేరు మాత్రం రేపటి ఆటగాళ్ళ కాగితంలో ఉంచుతానని, కాగితంలో పేరుంటే ఆట మధ్యలో వచ్చినా దిగొచ్చని చెప్పాడు. మావాడు వచ్చి అదంతా వాళ్ళమ్మకి చెప్పాడు. నాకు చెప్పలేదు.

ఆదివారం రెండింటికి ఆట. మైదానం మా ఇంటికి పదిహేను నిమిషాల నడక. తుంపర పడుతోంది. మనవడు మేడమెట్ల మీద కూర్చుని ఫోను చేతిలో పట్టుకున్నాడు. ఎవరో మెసేజీలు పెడుతున్నారు. “నిల్ నిల్,” అన్నాడు ఒకసారి, ఎవరికీ గోల్ లేదని. కాసేపటికి మళ్ళీ, “స్టిల్ నిల్ నిల్. టెన్ మెన్, అండ్ స్టిల్ నిల్ నిల్.” కీపరు లేక అయిదో నంబరే గోల్‌లో నిలబడ్డాడట. ఎన్నడూ నిలబడినవాడు కాదు.

కోడలు తన గదిలోంచి వచ్చి వంటగది తలుపు దగ్గరగా వేసింది. నా ఎదురుగా కూర్చుంది.

“మా అమ్మకి ఫోన్ చేశాను అత్తయ్యా. వాడికి ఏమీ ఉండదంటోంది.”

“మీ వైపు ఉండకపోవచ్చు.”

“మీ వైపు ఉంటుందా?”

నేను చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

“ఇప్పుడు హాఫ్ టైమ్,” అంది. “నేను కారులో దింపితే మూడు నిమిషాలు. వాడి పేరు కాగితంలో ఉంది. వాడితో నేను చెప్పను. మీ అబ్బాయితో కూడా చెప్పను. పోయింది మీ తమ్ముడు, నేను ఎదురు మాట్లాడితే బాగుండదు. మీరే చెప్పండి. ‘వెళ్ళరా’ అంటే చాలు.”

తలుపు అవతల నాలుగడుగుల దూరంలో వాడున్నాడు. ఒక్క మాట. పది అన్నదాన్ని ఇప్పుడు సున్నా అనాలి. ఎందుకు పది అన్నావని వాడు అడుగుతాడు. ఏం చెప్పను? నా తమ్ముడు పోతే మీ ఇంట్లో బట్టల మెషీను తిరిగింది, అందుకని చెప్పనా? కోడలు గడియారం చూస్తూ కూర్చుంది. నేను ఈనెలు తీస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి తను లేచి తలుపు తీసి వెళ్ళిపోయింది. అప్పటికి రెండో సగం మొదలైంది.

ఆట ఇంకో పది నిమిషాలు ఉందనగా దూరం నుంచి కొట్టిన బంతి అయిదో నంబరు చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. తడి బంతి. మావాడు పైకి చదివాడు. “వన్ నిల్.” తరవాత ఏమీ చదవలేదు. ఎప్పుడో ఫోను బోర్లా పెట్టిన చప్పుడు వినపడింది. ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. వంటగదిలోకి వచ్చి, “నానమ్మా, టీ పెట్టనా?” అన్నాడు. పెట్టాడు. నాకు చక్కెర తక్కువ వేయాలని వాడికి తెలుసు.

అయిదున్నరకి గంట మోగింది. తలుపు తీస్తే మెట్ల దగ్గరనుంచి గేటు దాకా మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ముందు మేనేజరు, వెనక పదిమంది ఆటగాళ్ళు. మోకాళ్ళకి బురద అలాగే ఉంది. ఒకతని చేతిలో పళ్ళెం నిండా శాండ్‌విచ్‌లు, మీద పలచటి కాగితం కప్పి ఉంది. అందరి ఎడమ చేతికీ నల్లటి టేపు చుట్టి ఉంది.

“అదేమిట్రా చేతికి?” అన్నాను మనవడితో.

వాడు ఆ టేపునే చూస్తూ చెప్పాడు. “తాతయ్య కోసం. మ్యాచ్ ముందు మినిట్ సైలెన్స్ పెట్టారట. రిఫరీని అడిగి.”

చావు ఇంటికి వెళ్ళి చెయ్యి కలిపి రావడం వాళ్ళ పద్ధతి. ఎంత పని ఉన్నా మానరు. ఒక్కొక్కరే లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. “సారీ ఫర్ యువర్ ట్రబుల్, మిసెస్.” మూడో నంబరు. పదకొండో నంబరు. “సారీ ఫర్ యువర్ ట్రబుల్.” ఉతికి ఉతికి వాళ్ళ చొక్కాల మెడ కొలతలు కూడా నాకు తెలుసు. ఆ చేతుల్ని మాత్రం అప్పుడే తాకాను. గరుకుగా, చల్లగా ఉన్నాయి. అయిదో నంబరు రెండుసార్లు సారీ అన్నాడు. మొదటిది నాకు. రెండోది మా మనవడి మొహం చూసి అన్నాడు. మావాడు అతని వీపు తట్టి, “యు వర్ గ్రేట్,” అన్నాడు.

మేనేజరు నా పక్కన కూర్చున్నాడు. కోడలు టీ తెచ్చింది. మైల ఇంట్లో బయటివాళ్ళు తినకూడదని నేనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అందరూ నిలబడి వాళ్ళు తెచ్చిన శాండ్‌విచ్‌లు తిన్నారు. ముసలాయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఏదో అడిగాడు.

“తాతయ్య ఏం పని చేసేవారని అడుగుతున్నారు,” అన్నాడు మనవడు.

గురువారం నుంచి ఆ మాట అడిగింది ఆయనొక్కడే. నేను చెప్పాను. అచ్చాఫీసు, సీసపు అక్షరాలు, తిరగేసి చదివే అలవాటు, నల్లటి వేళ్ళు. మనవడు ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చాడు. మధ్యలో ఆగి, “నిజంగా నానమ్మా? తలకిందులుగా చదివేవారా?” అన్నాడు. ఆయన, “వాజ్ హి గుడ్ టు యు?” అన్నాడు. అది మనవడు చెప్పకుండానే నాకు అర్థమైంది. పారేసే కాగితాలు తెచ్చేవాడని చెప్పాను. నా చదువు పోయిందని జన్మంతా బాధపడ్డాడని చెప్పాను. ఆగస్టులో వెళ్ళలేదని కూడా చెప్పాను. అది ఇంగ్లీషులో చెప్పేటప్పుడు మావాడు నేల చూశాడు. బురద కాళ్ళతో ఉన్న ఆ పదిమందీ నమలడం ఆపి విన్నారు. నేను కోరుకున్నది అంతే. మావాడిని ఆటకి పంపి ఉంటే, గెలిచినా వాళ్ళు ఇలాగే వచ్చి వినేవాళ్ళు. మైల లెక్కలు, ఆ దేశపు పద్ధతులు అన్నీ తెలుసుననుకున్నదాన్ని, అదొక్కటి తెలుసుకోలేదు.

వెళ్ళబోతూ ముసలాయన టోపీ పెట్టుకున్నాడు. “వెల్, దట్స్ అస్ డన్,” అన్నాడు. క్లబ్బు గురించి. బాధగా కూడా అనలేదు, దుకాణం కట్టేసే మనిషిలా అన్నాడు. తరవాత మనవడి భుజం మీద చెయ్యి వేసి, “యు డిడ్ రైట్, సన్. యు స్టేడ్ విత్ యువర్ గ్రానీ,” అన్నాడు.

అదీ అర్థమైంది నాకు. కోడలు ఖాళీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. నోరు తెరిస్తే చాలు, చెప్పడానికి ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు, ఇంగ్లీషులోకి మార్చడానికి మనిషీ ఉన్నాడు. “థాంక్యూ,” అన్నాను. వాళ్ళు గేటు వేసి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున ఆరింటికి లేచి తలస్నానం చేశాను. నా మూడు రోజులు నిన్నటికే అయిపోయాయి. దేవుడి అర దగ్గరకి వెళ్ళాను. పది రోజులని చెప్పి ఉన్నాను గనక దీపం పెట్టకుండా వచ్చి వంటగదిలో కూర్చున్నాను. కోడలు డ్యూటీకి వెళ్ళింది. ఏడున్నరకి మనవడు కాలేజీ సంచి వేసుకుని కిందికి వచ్చాడు. నిలబడే పాలు తాగాడు.

“నానమ్మా, మైలలో కాలేజీకి వెళ్ళొచ్చా? కూడదంటే ఫోన్ చేసి చెప్పేస్తా.”

“వెళ్ళొచ్చు.”

“ష్యూర్?”

“ఆఁ.”

బూట్లు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, వాడు వెళ్ళాడు.